వ్యాలీ ఆఫ్ ఫ్లవర్స్‌కు రైలు, బస్సుల్లో ఎలా వెళ్లాలి? హైదరాబాద్ నుంచి ఘాంఘరియా వరకు పూర్తి రూట్ ఇదే.. ఆ ఒక్క రోజు మాత్రం మర్చిపోవద్దు!

వానాకాలం మొదలైందంటే చాలు.. ఫోన్లలో ఆ వీడియోలు తిరగడం మొదలవుతుంది. చుట్టూ మంచు కొండలు, మధ్యలో కనుచూపు మేర పూలు. అదే ఉత్తరాఖండ్‌లోని వ్యాలీ ఆఫ్ ఫ్లవర్స్ నేషనల్ పార్క్. వీడియో 30 సెకన్లలో అయిపోతుంది. అక్కడికి చేరాలంటే మాత్రం హైదరాబాద్ నుంచి రెండు రైళ్లు, ఒక బస్సు, ఒక జీపు, ఆపైన కొండ నడక. విమానం ఎక్కకుండా, కారు మాట్లాడుకోకుండా వెళ్లొచ్చా? వెళ్లొచ్చు. ఏటా ఎంతోమంది అలాగే వెళ్లి వస్తున్నారు.

అయితే ఇక్కడ ఒక చిక్కుంది. అది దూరం కాదు.. టైమ్. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి సుమారు 1,670 కిలోమీటర్లు. రైలు ఈ దూరాన్ని ఒక పగలు, ఒక రాత్రిలో దాటేస్తుంది. రిషికేశ్ నుంచి గోవింద్‌ఘాట్‌కు సుమారు 270 కిలోమీటర్లే. కానీ ఆ ఘాట్ రోడ్డుకు ఒక పూర్తి రోజు పడుతుంది. కొండచరియలు విరిగిపడితే రెండు రోజులైనా చెప్పలేం. పూలు పూసేది కూడా సరిగ్గా ఆ వానల్లోనే. అందుకే ఈ ట్రిప్‌లో రైలు టికెట్ కంటే ముందు చూసుకోవాల్సింది ఒకటుంది.. చేతిలో ఒక ఖాళీ రోజు. అదెందుకో, రూట్ ఏంటో వరుసగా చూద్దాం.

ఎక్కడుంది ఈ పూల లోయ?

ఉత్తరాఖండ్‌లోని చమోలీ జిల్లాలో, బద్రీనాథ్ వెళ్లే దారికి పక్కన ఉంది. పుష్పావతి నది ఈ లోయ మధ్యలోంచి పారుతుంది. పార్క్ విస్తీర్ణం 87.5 చదరపు కిలోమీటర్లు. పూల మైదానాలు సముద్ర మట్టానికి 3,300 మీటర్లకు పైనే ఉంటాయి.

1931లో కామెట్ శిఖరం ఎక్కి తిరిగొస్తున్న బ్రిటిష్ పర్వతారోహకులు ఫ్రాంక్ స్మైత్, ఎరిక్ షిప్టన్, హోల్డ్స్‌వర్త్ దారి తప్పి ఈ లోయలోకి దిగారు. స్మైత్ 1937లో మళ్లీ వచ్చి, 1938లో ఈ లోయ పేరుతోనే పుస్తకం వేశారు. దాంతో బయటి ప్రపంచానికి తెలిసింది. చుట్టుపక్కల ఊళ్ల పశువుల కాపరులకు మాత్రం అంతకుముందు నుంచే తెలిసిన చోటు ఇది. 1980లో నేషనల్ పార్క్ అయింది. 2005లో నందాదేవి పార్క్‌తో కలిపి యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి చేరింది.

ఎప్పుడు వెళ్లాలి?

పార్క్ జూన్ 1న తెరుస్తారు, అక్టోబర్ 31న మూసేస్తారు. మిగతా నెలలంతా మంచే. లోపల ఎప్పుడు ఏం కనిపిస్తుందంటే..

- జూన్: మంచు కరుగుతూ ఉంటుంది. దారిలో హిమానీనదాల ముక్కలు కనిపిస్తాయి. పూలు తక్కువ.
- జులై రెండో వారం నుంచి ఆగస్టు చివరి వరకు: అసలు సీజన్. లోయ నిండా పూలు. బ్లూ పాపీ, కోబ్రా లిల్లీ, ప్రిములా, జెరేనియం వంటివి కనిపిస్తాయి. వానలూ ఎక్కువే.
- సెప్టెంబర్: వానలు తగ్గుతాయి. పూలు తగ్గినా ఆకాశం తేటపడి కొండలు బాగా కనిపిస్తాయి.
- అక్టోబర్: గడ్డి పసుపు, గోధుమ రంగుల్లోకి మారుతుంది. చలి పెరుగుతుంది.

ఒక్క విషయం గుర్తుంచుకోవాలి. ఇక్కడ పూసే మొక్కలే 500 రకాలకు పైగా ఉన్నాయి. అన్నీ ఒకేసారి పూయవు. కొన్ని వారాలకోసారి లోయ రంగు మారుతుంది. కాబట్టి వీడియోలో చూసిన పూవే కనిపించాలని పట్టుబడితే నిరాశే మిగులుతుంది.

మొదటి దశ: ఢిల్లీ వరకు రైలు

తెలుగు రాష్ట్రాల నుంచి ఎక్కువమంది ఢిల్లీలో రైలు మారి వెళ్తారు.

- హైదరాబాద్ నుంచి: తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఉదయం నాంపల్లిలో బయలుదేరి సికింద్రాబాద్, కాజీపేట, మంచిర్యాల, నాగ్‌పుర్, భోపాల్ మీదుగా మర్నాడు ఉదయం న్యూఢిల్లీ చేరుతుంది. దక్షిణ్ ఎక్స్‌ప్రెస్ రాత్రి బయలుదేరి హజ్రత్ నిజాముద్దీన్ వెళ్తుంది. దీనికి టైమ్ ఎక్కువ పడుతుంది.
- విశాఖ నుంచి: ఏపీ ఎక్స్‌ప్రెస్ విజయవాడ, వరంగల్ మీదుగా న్యూఢిల్లీ వెళ్తుంది. ఒకటిన్నర రోజు ప్రయాణం అనుకోవాలి.
- తిరుపతి, రాయలసీమ నుంచి: ఏపీ సంపర్క్ క్రాంతి నిజాముద్దీన్ వెళ్తుంది. రోజూ ఉండదు. కాబట్టి ముందు ఈ రైలు ఏ రోజు ఉందో చూసుకుని, మిగతా ప్లాన్ దాని చుట్టూ వేసుకోవాలి.

రైల్వే రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుచుకుంటుంది. 2024 నవంబర్ 1 నుంచి ఈ రూల్ వచ్చింది. అంతకుముందు 120 రోజులు ఉండేది. అంటే ఆగస్టు మొదటి వారంలో వెళ్లాలంటే జూన్ మొదట్లోనే సిద్ధంగా ఉండాలి. తత్కాల్‌పై ఆశ పెట్టుకునేవాళ్లు ఆన్‌లైన్‌లో బుక్ చేయాలంటే ఖాతాకు ఆధార్ ధ్రువీకరణ ముందే పూర్తి చేసుకోవాలి.

రెండో దశ: ఢిల్లీ నుంచి హరిద్వార్, రిషికేశ్

ఢిల్లీ నుంచి హరిద్వార్‌కు సుమారు 4 నుంచి 5 గంటల రైలు ప్రయాణం. దెహ్రాదూన్ వెళ్లే రైళ్లు హరిద్వార్‌లో ఆగుతాయి. ఉదయం న్యూఢిల్లీ నుంచి శతాబ్ది, మధ్యాహ్నం న్యూఢిల్లీ నుంచే జన శతాబ్ది, సాయంత్రం ఆనంద్ విహార్ నుంచి వందే భారత్ ఉన్నాయి.

చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఢిల్లీ చేరేది ఉదయం. దెహ్రాదూన్ శతాబ్ది బయలుదేరేదీ ఉదయమే. ఈ రెండింటినీ ఒకే రోజు కలిపే ప్రయత్నం చేయొద్దు. మధ్యాహ్నం జన శతాబ్ది తీసుకుంటే మన రైలు మూడు నాలుగు గంటలు లేటైనా ఇబ్బంది ఉండదు.

స్టేషన్ పేరు కూడా టికెట్‌పై చూసుకోవాలి. దిగేది నిజాముద్దీన్‌లో, ఎక్కేది ఆనంద్ విహార్‌లో అయితే మెట్రో పింక్ లైన్ నేరుగా తీసుకెళ్తుంది. సరాయ్ కాలే ఖాన్ - నిజాముద్దీన్ స్టేషన్‌లో ఎక్కి ఆనంద్ విహార్‌లో దిగితే చాలు.

రైలు దొరక్కపోతే? కశ్మీరీ గేట్ ఐఎస్‌బీటీ నుంచి హరిద్వార్, రిషికేశ్‌లకు పగలూ రాత్రీ బస్సులుంటాయి. న్యూఢిల్లీ స్టేషన్ నుంచి కశ్మీరీ గేట్‌కు మెట్రో ఎల్లో లైన్‌లో వెళ్లొచ్చు.

హరిద్వార్ నుంచి రిషికేశ్ సుమారు 25 కిలోమీటర్లు. బస్సులు, షేర్ ఆటోలు దొరుకుతాయి. కొన్ని రైళ్లు యోగ నగరి రిషికేశ్ స్టేషన్ వరకూ వెళ్తాయి. కొండ బస్సులు తెల్లవారుజామునే బయలుదేరతాయి కాబట్టి ఆ రాత్రికి రిషికేశ్‌లో ఉండటమే మేలు. అక్కడ టీటీడీకి చెందిన ఆంధ్రా ఆశ్రమం, శ్రీ వేంకటేశ్వర స్వామి ఆలయం ఉన్నాయి. చార్‌ధామ్ వెళ్లే తెలుగువాళ్లకు ఇది బాగా తెలిసిన చోటు.

కన్వర్ యాత్ర.. మన పంచాంగం చూసి మోసపోవద్దు

జులైలో వెళ్లేవాళ్లు తప్పకుండా చూసుకోవాల్సిన విషయం ఇది. శ్రావణ మాసంలో లక్షల మంది శివభక్తులు గంగాజలం కోసం హరిద్వార్ వస్తారు. దీన్నే కన్వర్ యాత్ర అంటారు. ఆ రోజుల్లో ఢిల్లీ - హరిద్వార్ హైవేపై వాహనాలను దారి మళ్లిస్తారు. బస్సులు చుట్టూ తిరిగి వెళ్తాయి. రైళ్లలో కాలు పెట్టే సందుండదు. హోటల్ గదులూ దొరకవు.

'శ్రావణం ఇంకా రాలేదుగా' అని మన క్యాలెండర్ చూసి అనుకుంటే ఇరుక్కుపోతారు. ఉత్తరాదిలో నెల పౌర్ణమి మర్నాటి నుంచి మొదలవుతుంది. మనకు అమావాస్య మర్నాటి నుంచి. అందుకే గురు పౌర్ణమి మర్నాడే వాళ్లకు శ్రావణం వచ్చేస్తుంది. అప్పటికి మనకింకా ఆషాఢ బహుళమే. యాత్ర జోరుగా సాగేది సరిగ్గా ఆ రెండు వారాల్లోనే. కాబట్టి గురు పౌర్ణమి నుంచి మన ఆషాఢ అమావాస్య వరకు ఉన్న రోజులు వదిలేసి, ఆ తర్వాత తేదీలు పెట్టుకుంటే ప్రయాణం హాయిగా సాగుతుంది. అప్పటికీ పూలు ఉంటాయి.

మూడో దశ: అసలు పరీక్ష.. రిషికేశ్ నుంచి గోవింద్‌ఘాట్ బస్సు

రిషికేశ్ యాత్రా బస్టాండ్ నుంచి తెల్లవారుజామున 4 గంటల నుంచే బద్రీనాథ్, జోషీమఠ్ బస్సులు బయలుదేరతాయి. ఎక్కువగా గఢ్వాల్ ప్రాంత బస్సు యజమానుల సంఘాలవే నడుస్తాయి. హరిద్వార్ రైల్వే స్టేషన్ దగ్గర్నుంచి కూడా కొన్ని ఉంటాయి.

- ఏ బస్సెక్కాలి: బద్రీనాథ్ బస్సు ఎక్కి గోవింద్‌ఘాట్‌లో దిగాలి. కండక్టర్‌కు ముందే 'గోవింద్‌ఘాట్ ఉతర్‌నా హై' అని చెప్పి పెట్టుకోవాలి.
- అది దొరక్కపోతే: జోషీమఠ్ బస్సెక్కాలి. అక్కడి నుంచి గోవింద్‌ఘాట్ సుమారు 20 కిలోమీటర్లు. పగటిపూట షేర్ జీపులు తిరుగుతాయి. సీట్లు నిండాకే కదులుతాయి.
- టికెట్: ఈ బస్సుల్లో చాలావాటికి ఆన్‌లైన్ బుకింగ్ ఉండదు. ముందు రోజు సాయంత్రమే బస్టాండ్‌కు వెళ్లి సీటు రాయించుకోవడం మంచిది.
- సీటు: మలుపులకు కడుపులో తిప్పేవాళ్లు ముందు సీట్లు అడగాలి. చివరి సీటు మాత్రం వద్దు.
- టైమ్: జోషీమఠ్‌కు సుమారు 250 కిలోమీటర్లు. అన్నీ బాగుంటే 10 గంటలు. టిఫిన్, భోజనం హాల్టులతో కలిపి సాయంత్రం అవుతుంది.

ఉదయం 8, 9 గంటలకు తీరిగ్గా బస్టాండ్‌కు వెళ్తే మాత్రం అంతే సంగతులు. నేరుగా వెళ్లే బస్సులు అప్పటికే పోయి ఉంటాయి. కొండ రోడ్లపై రాత్రి బస్సులు నడవవు. అలా అయితే శ్రీనగర్, రుద్రప్రయాగ్ అంటూ ముక్కలు ముక్కలుగా మారి, మధ్యలో ఎక్కడో రాత్రి ఆగాల్సి వస్తుంది. ఇక్కడి శ్రీనగర్ కశ్మీర్‌లోది కాదు, గఢ్వాల్‌లోని పట్టణం.

ఈ బస్సు ప్రయాణంలో ఇంకో విశేషముంది. పంచ ప్రయాగలూ ఇదే దారిలో వస్తాయి. దేవప్రయాగలో అలకనంద, భాగీరథి కలిసి గంగ అవుతాయి. ఆ తర్వాత రుద్రప్రయాగ్, కర్ణప్రయాగ్, నందప్రయాగ్ వరుసగా వస్తాయి. జోషీమఠ్ దాటాక విష్ణుప్రయాగ్. కిటికీ పక్కన కూర్చుంటే ఐదింట్లో చాలావరకు బస్సులోంచే కనిపిస్తాయి.

రోడ్డు మూసేస్తే ఏం చేయాలి?

వానాకాలంలో ఈ హైవే మూసుకుపోవడం వింతేమీ కాదు. శ్రీనగర్ - రుద్రప్రయాగ్ మధ్య సిరోబగడ్, పీపల్‌కోటి - జోషీమఠ్ మధ్య పాగల్ నాలా.. ఈ రెండు పేర్లు గుర్తుపెట్టుకోండి. కొండచరియలు తరచూ జారే చోట్లివి. జేసీబీలు వచ్చి మట్టి తీసేదాకా వాహనాలు ఇటువి ఇటు, అటువి అటు ఆగిపోతాయి. ఒక్కోసారి గంటలో తెరుస్తారు. ఒక్కోసారి రాత్రంతా అక్కడే.

అలాంటప్పుడు చేయాల్సినవి, చేయకూడనివి ఇవి..

- బస్సు దిగి రాళ్లు పడుతున్న చోటు మీదుగా నడిచి అవతలికి వెళ్లే సాహసం వద్దు. వీడియోల కోసం దగ్గరికి అసలు వెళ్లొద్దు.
- డ్రైవర్, పోలీసులు చెప్పినట్టు వినాలి. వెనక్కి దగ్గర్లోని ఊరికి వెళ్లి గది తీసుకోవడం తెలివైన పని.
- చేతి సంచిలో నీళ్లు, బిస్కెట్లు, రోజూ వేసుకునే మందులు, ఒక స్వెటర్ ఉండాలి. పెద్ద బ్యాగు బస్సు టాప్ మీద ఉంటే ఆ టైమ్‌కి చేతికి రాదు.
- ఫోన్ చార్జింగ్ కాపాడుకోవాలి. ఇంట్లోవాళ్లకు ఎక్కడున్నారో ఒక మెసేజ్ పెట్టేయాలి. సిగ్నల్ పోయాక పెడదామంటే కుదరదు.

2013 జూన్ వరదలను ఈ ప్రాంతం ఇంకా మర్చిపోలేదు. అప్పుడు గోవింద్‌ఘాట్ దగ్గర అలకనంద, లక్ష్మణ్ గంగ ఉప్పొంగి వాహనాలు, భవనాలు కొట్టుకుపోయాయి. ఘాంఘరియా నడక దారి కూడా చాలాచోట్ల తుడిచిపెట్టుకుపోయింది. చార్‌ధామ్ వెళ్లిన తెలుగు యాత్రికులు కూడా రోజుల తరబడి కొండల్లో చిక్కుకుపోయారు. అందుకే ఇక్కడ వాతావరణ శాఖ ఆరెంజ్, రెడ్ అలర్ట్ ఇచ్చిందంటే లైట్ తీసుకోవద్దు. అలర్ట్ ఉన్న రోజు రిషికేశ్‌లోనే ఆగిపోతే పోయేది ఒక్క రోజే.

నాలుగో దశ: గోవింద్‌ఘాట్ నుంచి ఘాంఘరియా

గోవింద్‌ఘాట్‌లో గురుద్వారా, చిన్నా పెద్దా హోటళ్లు ఉన్నాయి. అక్కడి నుంచి అలకనంద దాటి పుల్నా ఊరి వరకు సుమారు 4 కిలోమీటర్లు షేర్ జీపులో వెళ్లాలి. 2025 మార్చిలో కొండ రాళ్లు పడి ఇక్కడి వంతెన కూలిపోయింది. యాత్ర మొదలయ్యేలోపు బెయిలీ వంతెన వేసి దారి తెరిచారు.

పుల్నా నుంచి ఘాంఘరియాకు సుమారు 10 కిలోమీటర్ల నడక. అంతా ఎక్కుడే. రాళ్లు పరిచిన దారి, మధ్యమధ్యలో టీ కొట్లు, మ్యాగీ, పరాఠాలు. మామూలుగా నడిచేవాళ్లకు 5 నుంచి 7 గంటలు పడుతుంది. నడవలేనివాళ్లకు గుర్రాలు, కంచర గాడిదలు ఉంటాయి. బుట్టలో కూర్చోబెట్టి వీపున మోసే కండీ మనుషులు, సామాన్లకు పోర్టర్లు దొరుకుతారు. ధర ముందే మాట్లాడుకోవాలి. ఉదయం 8 లోపు నడక మొదలుపెడితే మధ్యాహ్నం వాన ముదిరేలోపు ఊరు చేరొచ్చు.

ఘాంఘరియా సుమారు 3,050 మీటర్ల ఎత్తులో ఉంది. సీజన్‌లో మాత్రమే జనం ఉండే ఊరిది. లాడ్జిలు, గురుద్వారా, చిన్న హోటళ్లు ఉన్నాయి. ఏటీఎంను నమ్ముకుని వెళ్లొద్దు. డబ్బులు జోషీమఠ్‌లోనే తీసుకుని నోట్లు దగ్గర పెట్టుకోవాలి. మొబైల్ సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది కాబట్టి ఫోన్‌లో చెల్లిస్తామంటే ప్రతిచోటా కుదరదు.

లోయలోకి.. సాయంత్రం లోపు వెనక్కి

ఘాంఘరియా దాటిన కాసేపటికి దారి రెండుగా చీలుతుంది. ఎడమకు పూల లోయ. నేరుగా పైకి హేమకుండ్ సాహిబ్. లోయ దారిలో అటవీ శాఖ చెక్‌పోస్టు వస్తుంది. గుర్తింపు కార్డు చూపించి టికెట్ తీసుకోవాలి. ఉదయం 7 గంటల ప్రాంతంలో గేటు తెరుస్తారు. మధ్యాహ్నం దాటాక లోపలికి పంపరు. సాయంత్రం 5 లోపు అందరూ బయటికి రావాలి. లోపల రాత్రి బస, టెంట్లు, వంట.. ఏదీ కుదరదు. తినడానికి కొట్లు కూడా ఉండవు. పరాఠాలు కట్టించుకుని వెళ్లాలి.

గేటు నుంచి మూడు నాలుగు కిలోమీటర్లు నడిస్తే పూల మైదానాలు మొదలవుతాయి. ఈ దారిలో గుర్రాలకు అనుమతి లేదు. లోయలో ఒకచోట జోన్ మార్గరెట్ లెగ్గే సమాధి కనిపిస్తుంది. పూల నమూనాలు సేకరించడానికి వచ్చిన ఈ వృక్ష శాస్త్రవేత్త 1939లో ఇక్కడే కాలు జారి పడి చనిపోయారు. తడి రాళ్ల మీద జాగ్రత్తగా ఉండాలని చెప్పడానికి ఇంతకంటే పెద్ద గుర్తు అక్కర్లేదు.

పూలు కోయకూడదు. ప్లాస్టిక్ పారేయకూడదు. తీసుకెళ్లిన ప్రతి కవరూ వెనక్కి తేవాలి.

హేమకుండ్ సాహిబ్ కూడా చూడాలనుకుంటే దానికి మరో రోజు పెట్టుకోవాలి. ఘాంఘరియా నుంచి సుమారు 6 కిలోమీటర్లు నిట్టనిలువు ఎక్కుడు. 4,000 మీటర్లు దాటిన ఎత్తు. సరస్సు ఒడ్డున గురుద్వారా ఉంటుంది. బ్రహ్మకమలాలు చూడాలంటే ఆగస్టు, సెప్టెంబర్‌లలో ఈ దారే మేలు. బద్రీనాథ్, హేమకుండ్ వెళ్లేవాళ్లు ఉత్తరాఖండ్ ప్రభుత్వ యాత్రా రిజిస్ట్రేషన్ ముందే చేయించుకోవాలి.

హైదరాబాద్ నుంచి రోజువారీ ప్లాన్

- 1వ రోజు: ఉదయం తెలంగాణ ఎక్స్‌ప్రెస్.
- 2వ రోజు: ఉదయం ఢిల్లీ. మధ్యాహ్నం రైలులో హరిద్వార్. రాత్రికి రిషికేశ్. బస్సు సీటు దొరుకుతుందో లేదో అదే రాత్రి కనుక్కోవాలి.
- 3వ రోజు: తెల్లవారుజామున బస్సు. సాయంత్రానికి జోషీమఠ్ లేదా గోవింద్‌ఘాట్.
- 4వ రోజు: పుల్నా వరకు జీపు, అక్కడి నుంచి ఘాంఘరియా నడక.
- 5వ రోజు: పూల లోయ.
- 6వ రోజు: హేమకుండ్ సాహిబ్, లేదంటే లోయకే మరోసారి.
- 7వ రోజు: కిందికి దిగి సాయంత్రానికి జోషీమఠ్.
- 8వ రోజు: తెల్లవారుజామున బస్సు. రాత్రికి రిషికేశ్.
- 9వ రోజు: ఖాళీ.
- 10వ రోజు: ఉదయం హరిద్వార్ నుంచి ఢిల్లీ. అక్కడి నుంచి హైదరాబాద్ రైలు.
- 11వ రోజు: ఇల్లు.

ఆ 9వ రోజు ఎందుకు?

సెలవులు సరిపోవడం లేదని అందరూ ముందు కొట్టేసేది ఈ రోజునే. అసలు ఉంచుకోవాల్సింది ఇదే. ఎందుకంటే రైలు మన కోసం ఆగదు, కొండ మన రైలు కోసం ఆగదు. 8వ రోజు పాగల్ నాలా దగ్గర రోడ్డు మూసేశారనుకోండి. 9వ రోజు ఖాళీగా ఉంటే పీపల్‌కోటిలోనో, జోషీమఠ్‌లోనో ప్రశాంతంగా పడుకుని మర్నాడు బయలుదేరతారు. ఆ రోజు లేకపోతే? రైలు పోతుందనే కంగారులో రాత్రిపూట ఎక్కువ డబ్బులిచ్చి టాక్సీ మాట్లాడుకుంటారు. వానలో, చీకట్లో, ఘాట్ రోడ్డులో ప్రయాణం అంటే ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు. పోయిన రైలు టికెట్ మళ్లీ కొనుక్కోవచ్చు.

రోడ్డు సాఫీగా ఉంటే ఆ రోజు వృథా కాదు. రిషికేశ్‌లో త్రివేణి ఘాట్ హారతి, హరిద్వార్‌లో హర్ కీ పౌడీ చూసుకోవచ్చు. నడిచి నొప్పులు పట్టిన కాళ్లకు విశ్రాంతి కూడా. సెలవులు మరీ తక్కువగా ఉంటే 6వ రోజు తగ్గించుకోండి కానీ 9వ రోజును కాదు.

తరచూ అడిగే ప్రశ్నలు

*పెద్దవాళ్లను తీసుకెళ్లొచ్చా?*
ఘాంఘరియా వరకు గుర్రం, కండీ ఉంటాయి. లోయలో గుర్రాలు ఉండవు కాబట్టి నడవాలి, లేదా కండీ మాట్లాడుకోవాలి. గుండె, ఊపిరితిత్తుల సమస్యలు, బీపీ ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడిగాకే టికెట్లు తీసుకోవాలి.

*ఎత్తుకు ఇబ్బంది అవుతుందా?*
కొందరికి తలనొప్పి, వికారం, నిద్ర పట్టకపోవడం ఉంటాయి. జోషీమఠ్‌లో ఒక రాత్రి ఆగితే శరీరం కొంత అలవాటు పడుతుంది. నీళ్లు ఎక్కువ తాగాలి. మద్యం వద్దు. తలనొప్పి పెరుగుతూ ఆయాసం వస్తుంటే పైకి వెళ్లకుండా వెంటనే కిందికి దిగాలి.

*ఏం తీసుకెళ్లాలి?*
రెయిన్‌కోట్ లేదా పోంచో, పట్టు ఉండే బూట్లు, స్వెటర్, రెండు జతల సాక్సులు, టార్చ్, పవర్ బ్యాంక్, ఆధార్ కార్డు. గొడుగు కొండ గాలికి నిలవదు. బట్టలను ముందు ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి తర్వాత బ్యాగులో సర్దాలి.

*జోషీమఠ్‌లో ఉండటం సురక్షితమేనా?*
2023 జనవరిలో ఈ పట్టణంలో నేల కుంగి వందల ఇళ్లకు పగుళ్లు వచ్చాయి. అప్పట్లో కొన్ని హోటళ్లను కూల్చేశారు, కుటుంబాలను తరలించారు. యాత్రికుల రాకపోకలు మాత్రం కొనసాగుతున్నాయి. గది తీసుకునే ముందు అధికారులు ఏవైనా ఆంక్షలు పెట్టారేమో కనుక్కోవాలి. వద్దనుకుంటే పీపల్‌కోటిలో గానీ, గోవింద్‌ఘాట్‌లో గానీ ఆగొచ్చు.

*రైలు ఇంకా దగ్గరికి వస్తుందా?*
రిషికేశ్ నుంచి కర్ణప్రయాగ్ వరకు సుమారు 125 కిలోమీటర్ల రైల్వే లైన్ పనులు సాగుతున్నాయి. ఇందులో ఎక్కువ భాగం సొరంగాలే. దేవప్రయాగ - జనాసు మధ్య 14 కిలోమీటర్లకు పైగా పొడవున్న సొరంగం తవ్వకం 2025 ఏప్రిల్‌లో పూర్తయింది. ఈ లైన్ అందుబాటులోకి వస్తే సిరోబగడ్ లాంటి చోట్లను రైలు సొరంగంలోంచే దాటేస్తుంది. అప్పటికీ కర్ణప్రయాగ్ నుంచి పైకి బస్సే దిక్కు. పాగల్ నాలా ఉండేది ఆ పై దారిలోనే కాబట్టి ఖాళీ రోజు అవసరం మాత్రం పోదు.

బయలుదేరే ముందు ఒక్కసారి చూసుకోండి

- రెండు రైళ్ల మధ్య కనీసం నాలుగైదు గంటలు ఉన్నాయా?
- తేదీలు కన్వర్ యాత్రలో పడలేదు కదా?
- కొండ దిగే రోజుకు, హరిద్వార్ రైలుకు మధ్య ఒక ఖాళీ రోజు ఉందా?
- చమోలీ జిల్లాకు వాతావరణ హెచ్చరికలు ఏమైనా ఉన్నాయా?

ఈ నాలుగింటికీ సమాధానం సరిగ్గా ఉంటే బ్యాగు సర్దుకోవచ్చు.

గమనిక: రైళ్లు, బస్సుల వేళలు, పార్క్ టికెట్ ధరలు, నిబంధనలు మారుతుంటాయి. టికెట్లు తీసుకునే ముందు రైల్వే, ఉత్తరాఖండ్ పర్యాటక, అటవీ శాఖల తాజా సమాచారం చూసుకోవాలి.